ఐసీయూ బెడ్ ఆలస్యంగా దొరికింది, నాన్న పోయారు. తప్పు నాదేనా?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. మాది ప్రకాశం జిల్లా. నేను టీచర్‌ని. మూడు నెలల కిందట మా నాన్న చనిపోయారు. ఆయనకు 67 ఏళ్ళు, చాలాకాలంగా షుగర్ ఉంది. నాలుగు రోజులు జ్వరం వచ్చి, ఆ తర్వాత ఆయాసం మొదలైంది. మా ఊళ్ళో నర్సింగ్ హోమ్‌లో సెలైన్లు పెట్టారు. తగ్గకపోయేసరికి టౌన్లో పెద్ద ఆసుపత్రికి రాసిచ్చారు. రాత్రి తొమ్మిదింటికి అక్కడికి చేరాం. నిమ్ము బాగా ముదిరిందని, బీపీ పడిపోయిందని, ఐసీయూలో పెట్టాలని అన్నారు. కానీ బెడ్ ఖాళీ లేదు. తెల్లవారి ఆరింటిదాకా క్యాజువాలిటీలో స్ట్రెచర్ మీదే ఆక్సిజన్ పెట్టి ఉంచారు. ఆ తర్వాత బెడ్ దొరికింది, వెంటిలేటర్ పెట్టారు. ఐదు రోజులకు కోలుకున్నారు. గొట్టం తీసేశారు, నాతో మాట్లాడారు కూడా. ఏడో రోజు రాత్రి ఒంటిగంటకు వేరే సీరియస్ కేసు వచ్చిందని నాన్నను వార్డుకు మార్చారు. మర్నాడు సాయంత్రానికి మగతలోకి వెళ్ళిపోయారు. మళ్ళీ ఐసీయూలోకి తీసుకునేసరికి రాత్రయింది. తొమ్మిదో రోజు పోయారు.

మా అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. "ఆ రాత్రే హైదరాబాద్ తీసుకెళ్ళి ఉంటే నాన్న బతికేవారు కదా, డబ్బు నేను పంపనా?" అన్నాడు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. బెడ్ టైముకు దొరికి ఉంటే నాన్న బతికేవారా? నేను చేసింది తప్పా? అమ్మకు 62 ఏళ్ళు, ఆస్తమా ఉంది. రేపు ఆవిడకు ఇలాంటిదే వస్తే నేనేం చెయ్యాలి?

సమాధానం: అమ్మా, ముందు మీ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అదే. మీరు తప్పు చెయ్యలేదు. ఊరడింపుకు అంటున్న మాట కాదిది. నేను మత్తు డాక్టర్‌ని, ఇరవై ఆరేళ్ళు ఐసీయూల్లో పనిచేశాను, ఇలాంటి ప్రయాణాలు చేసి వచ్చిన పేషెంట్లను గుమ్మంలో దించుకున్నాను. లెక్క వేసి చూపిస్తాను, మీ అన్నయ్యకూ చూపించండి.

మీ జిల్లా నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లకు పైనే. రాత్రి పూట ఆరు గంటలు అనుకుందాం. మాస్కుతో నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్ ఇస్తుంటే, అంబులెన్సుల్లో మామూలుగా కనిపించే బి టైపు సిలిండర్ నిండుగా ఉన్నా 1500 లీటర్లే పడుతుంది. అంటే 100 నిమిషాలు. ఆరు గంటలకు 5400 లీటర్లు కావాలి, అంటే నాలుగు నిండు సిలిండర్లు. దారిలో ఏదైనా అయితే చేతిలో ఉండడానికి మరొకటి. ఇక బీపీ నిలబెట్టే మందు సిరంజి పంపులో సన్నగా ఎక్కుతూ ఉండాలి, ఆ పంపుకు బ్యాటరీ ఉండాలి. మధ్యలో ఊపిరి ఆగిపోతే కదిలే బండిలో గొంతులో గొట్టం వెయ్యగలిగినవాళ్ళు పక్కన కూర్చుని ఉండాలి. ఇవన్నీ ఉన్న అంబులెన్స్ అర్ధరాత్రి మీ టౌన్లో దొరుకుతుందా? ఎప్పుడో ఒకటి దొరకొచ్చు. దొరక్కపోతే మామూలు బండి ఎక్కించి పంపడం తప్ప దారి ఉండదు. బీపీ పడిపోయి ఉన్న 67 ఏళ్ళ షుగర్ మనిషికి ఆ ఆరు గంటలు క్యాజువాలిటీ స్ట్రెచర్ కన్నా ప్రమాదం. మీరు కదల్చకుండా ఉండడం ఆ రాత్రికి సరైన పనే.

హైదరాబాద్‌లో బెడ్ ఎప్పుడూ ఖాళీగా ఉంటుందని అనుకోవడం కూడా పొరపాటు. దూరంగా ఉన్నవాళ్ళకు అలా అనిపించడంలో వింతేమీ లేదు. 2020 ఏప్రిల్‌లో వేసిన ఒక అంచనా ప్రకారం దేశం మొత్తం మీద ఐసీయూ బెడ్లు సుమారు 95 వేలు, వెంటిలేటర్లు సుమారు 48 వేలు. వాటిలో ఎక్కువ భాగం ఏడు రాష్ట్రాల్లోనే ఉన్నాయని ఆ అంచనా చెప్పింది. ఆ ఏడింటిలో తెలంగాణ ఉంది, ఆంధ్రప్రదేశ్ లేదు. అందుకే ఏ గండం వచ్చినా మన వాళ్ళ చూపు హైదరాబాద్ వైపే తిరుగుతుంది. 2021 మేలో ఏమైందో మీకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్‌లో బెడ్లు నిండిపోతున్నాయని, ముందుగా ఆసుపత్రితో మాట్లాడుకుని అనుమతి తెచ్చుకోని అంబులెన్సులను సరిహద్దులో ఆపేశారు. కర్నూలు దాటాక పుల్లూరు టోల్‌గేటు దగ్గర ఆక్సిజన్ మీద ఉన్న మనుషులు బండ్లలోనే గంటలు గడిపారు. తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వులను నిలిపేశాక గానీ దారి తెరుచుకోలేదు. బెడ్ ఖాయం చేసుకోకుండా బయల్దేరడం అంటే అదీ.

ఇక మీ మొదటి ప్రశ్న. బెడ్ టైముకు దొరికి ఉంటే నాన్న బతికేవారా?

ఈ ప్రశ్నకు మీ నాన్న ఒక్కరి విషయంలో అవునని గానీ కాదని గానీ ఎవరూ చెప్పలేరు. కానీ ఆలస్యం వల్ల నష్టం ఉందా అంటే, ఉంది. అందులో సందేహం లేదు. అమెరికాలో ఎమర్జెన్సీ విభాగం నుంచి ఐసీయూకు వెళ్ళిన 50 వేల మందికి పైగా పేషెంట్ల వివరాలతో 2007లో ఒక అధ్యయనం వచ్చింది. ఆరు గంటల లోపు ఐసీయూకు చేరినవాళ్ళలో నూటికి దాదాపు 13 మంది ఆసుపత్రిలోనే చనిపోయారు. ఆరు గంటలు దాటి ఎదురుచూసినవాళ్ళలో నూటికి 17 మందికి పైగా చనిపోయారు. బ్రెజిల్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో చేసిన పరిశీలనలో, బెడ్ కోసం ఎదురుచూసిన ఒక్కో గంటకూ ఐసీయూలో చనిపోయే ప్రమాదం ఒకటిన్నర శాతం చొప్పున పెరిగింది. మీ నాన్న తొమ్మిది గంటలు ఆగారు.

ఆ నూటికి 13, నూటికి 17 అన్న అంకెల దగ్గర కాసేపు ఆగండి. నూరు మందిలో నలుగురైదుగురు అదనంగా పోయారు. ఆ నలుగురైదుగురూ ఒక వ్యవస్థ కాపాడుకోగలిగిన ప్రాణాలు, అందుకు నాకు కోపం వస్తుంది, మీకూ రావాలి. అదే సమయంలో, మిగతా 95 మంది విషయంలో బెడ్ త్వరగా దొరికినా ఆలస్యంగా దొరికినా ఫలితం మారలేదు. మీ నాన్న ఆ ఐదుగురిలో ఉన్నారో, ఈ 95 మందిలో ఉన్నారో తెలుసుకునే మార్గం లేదు. పైగా ఆయన ఆ తొమ్మిది గంటలూ తట్టుకున్నారు. వెంటిలేటర్ మీద నుంచి బయటపడ్డారు, మీతో మాట్లాడారు. మీ ఉత్తరం చదివినప్పుడు నా వేలు ఆగింది ఆ తొమ్మిది గంటల దగ్గర కాదమ్మా. ఏడో రోజు రాత్రి ఒంటిగంట దగ్గర ఆగింది. దాని గురించి చెప్పే ముందు ఐసీయూ నిండిపోతే లోపల ఏమవుతుందో మీకు చెప్పాలి.

బయట నిలబడి చూసేవాళ్ళకు ఐసీయూ అంటే మిషన్లు. లోపల పనిచేసేవాళ్ళకు ఐసీయూ అంటే సిస్టర్. ఐసీయూ పుట్టిందే అలా. 1952లో డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ నగరానికి పోలియో వచ్చింది, ఊపిరి కండరాలు పడిపోయిన పిల్లలు ఒకరి తర్వాత ఒకరు చనిపోతున్నారు, సరిపడా మిషన్లు లేవు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టర్ పేషెంట్ గొంతులో గొట్టం పెట్టించి, చేత్తో సంచి నొక్కుతూ ఊపిరి అందించవచ్చని చూపించాడు. సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు నెలల తరబడి, షిఫ్టులు వేసుకుని, పగలూ రాత్రీ ఆ సంచులు నొక్కారు. అంతకుముందు ఊపిరి కండరాలు పడిపోయినవాళ్ళలో ఎక్కువమంది పోయేవాళ్ళు, ఆ తర్వాత ఎక్కువమంది బతికారు. ఒక్కో పేషెంట్ దగ్గర ఒక్కో మనిషి కూర్చున్నాడు, అంతే. అందుకే వెంటిలేటర్ మీద ఉన్న పేషెంట్ ఒక్కరికి ఒక సిస్టర్ ఉండాలని, మిగతా ఐసీయూ పేషెంట్లకైతే ఇద్దరికి ఒక సిస్టర్ ఉండాలని మన దేశంలోని క్రిటికల్ కేర్ డాక్టర్ల సంఘం చెబుతుంది. మన దగ్గర ఎన్నిచోట్ల అలా ఉందో నేను చెప్పనక్కర్లేదు.

ఒక రాత్రి సంగతి చెబుతాను. ఊరు, ఆసుపత్రి పేరు వద్దు. ఎనిమిది బెడ్ల ఐసీయూ, ఎనిమిదీ నిండి ఉన్నాయి, ఐదుగురు వెంటిలేటర్ మీద ఉన్నారు. డ్యూటీలో ఇద్దరు సిస్టర్లు. ఒకావిడ ఆరో బెడ్ దగ్గర గొట్టంలోంచి కఫం లాగుతున్నారు. రెండో ఆవిడ కింద క్యాజువాలిటీ నుంచి వస్తున్న ఇంకో కేసు కోసం లిఫ్టు దగ్గరికి వెళ్ళారు. అప్పుడు మూడో బెడ్ దగ్గర సిరంజి పంపు కూత మొదలుపెట్టింది. అందులో ఉన్నది నార్ అడ్రినలిన్, బీపీని నిలబెట్టే మందు. సిరంజి ఖాళీ అవుతోందని ఆ కూత. కఫం లాగడం సగంలో వదిలేస్తే ఆరో బెడ్‌లో మనిషికి ఊపిరాడదు. ఆవిడ అది పూర్తి చేసి, గ్లవ్స్ తీసి, చేతులు రుద్దుకుని, కొత్త మందు కలిపి పంపులో పెట్టేసరికి నాలుగు నిమిషాలు. ఆ మందు ఆగితే దాని పని ఒంట్లో ఒకటి రెండు నిమిషాల్లోనే తగ్గిపోతుంది. పక్క గదిలో కేస్ షీట్ రాస్తున్న నేను వచ్చేసరికి మానిటర్ మీద పై బీపీ 54. ఆ పెద్దాయన ఆ రాత్రి గట్టెక్కారు. కానీ రెండు రోజుల తర్వాత యూరిన్ ఆగిపోయింది, డయాలిసిస్ పెట్టాల్సి వచ్చింది. ఆ నాలుగు నిమిషాలే కారణమని నేను నిరూపించలేను. కాదనీ అనలేను. కేస్ షీట్లో ఇన్ఫెక్షన్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయని రాశాం. నాలుగు నిమిషాల మాట ఎక్కడా రాయలేదు. ఆ సిస్టర్ తప్పు ఇసుమంత కూడా లేదు. నలుగురికి ఒక్కరు ఉంటే ఏ రాత్రైనా జరిగేది అదే.

ఐసీయూ మీద ఒత్తిడి పడినప్పుడు మనుషులు ఇలా చనిపోతారు. మిషన్ లేకపోవడం వల్ల పోయేవాళ్ళు కనబడతారు. చూసే కన్ను పలచబడడం వల్ల పోయేవాళ్ళు ఎక్కడా కనబడరు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం నాలుగు గంటలకోసారి అవుతుంది, వీపు మీద పుండ్లు పడతాయి. నోరు శుభ్రం చెయ్యడం ఒక పూట తప్పిపోతుంది, ఆ నోటిలోని క్రిములు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. పొద్దున మత్తు తగ్గించి పేషెంట్ సొంతంగా ఊపిరి పీల్చగలరేమో చూడాల్సినది సాయంత్రానికి వాయిదా పడుతుంది, వెంటిలేటర్ మీద ఇంకో రోజు గడిచిపోతుంది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆసుపత్రులను చూసి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, నర్సు చేతిలో ఒక్క పేషెంట్ పెరిగినప్పుడల్లా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు నెల రోజుల్లోపు చనిపోయే ప్రమాదం 7 శాతం చొప్పున పెరిగినట్టు తేలింది. అది ఐసీయూలకే పరిమితమైన లెక్క కాదు, మామూలు వార్డులూ కలిసినది. కోవిడ్ రోజుల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో కోవిడ్ పేషెంట్లతో ఐసీయూలు దాదాపు నిండిపోయిన రోజుల్లో చేరినవాళ్ళకు, తక్కువ ఒత్తిడి ఉన్న రోజుల్లో చేరినవాళ్ళతో పోలిస్తే చనిపోయే ప్రమాదం దాదాపు రెట్టింపు. అదే దేశంలో 558 ఆసుపత్రుల మీద చేసిన మరో అధ్యయనం, 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా జరిగిన కోవిడ్ మరణాల్లో దాదాపు నాలుగో వంతుకు పేషెంట్ల తాకిడే కారణమై ఉండొచ్చని తేల్చింది. జబ్బు అదే, మందులు అవే. వచ్చిన రోజు వేరు.

ఇప్పుడు ఒంటిగంట సంగతికి వద్దాం. బెడ్ కోసం కింద ఒకరు చావు బతుకుల్లో ఉంటే, పైన ఉన్నవాళ్ళలో కాస్త బాగున్నవాళ్ళను వార్డుకు పంపాలి. ఆ రాత్రి డ్యూటీ డాక్టర్ చేసింది అదే. నేనూ ఎన్నోసార్లు చేశాను, ఆ నిర్ణయం తీసుకున్న ప్రతిసారీ ఇంటికెళ్ళి నిద్రపట్టక దొర్లాను. ఇంగ్లండ్‌లో ఐసీయూల లెక్కలు తీసి 2000లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. పదేళ్ళలో రాత్రి పూట ఐసీయూ నుంచి వార్డుకు మార్చడం రెట్టింపుకు మించింది, రాత్రి మార్చినవాళ్ళలో మరణాలు పగలు మార్చినవాళ్ళ కన్నా ఎక్కువ. కారణం మీరే ఊహించగలరు. ఐసీయూలో గంట గంటకూ చూసే మనిషి, అర్ధరాత్రి ముప్పై మందికి ఒకే సిస్టర్ ఉన్న వార్డులోకి వస్తాడు. అక్కడివాళ్ళకు ఇతని కథ తెలియదు. కాగితం సరిగ్గా రాసి ఉండదు. మర్నాడు పొద్దున రౌండ్స్‌కు పెద్ద డాక్టర్ వచ్చేదాకా ఎవరూ గట్టిగా చూడరు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఐసీయూ నిండినంత మాత్రాన, పేషెంట్‌ను ముందుగా పంపినంత మాత్రాన ప్రాణం పోతుందని కాదు. అమెరికాలోనే 155 ఐసీయూల నుంచి బయటికి వచ్చిన 2 లక్షల మందిని పరిశీలించినప్పుడు, రద్దీ రోజుల్లో కొన్ని గంటలు ముందుగా పంపేసినట్టు తేలింది, మళ్ళీ ఐసీయూకు తిరిగి వచ్చినవాళ్ళు కొద్దిగా పెరిగారు, కానీ మరణాలు పెరగలేదు. అంటే వార్డులో చూసే మనుషులుంటే, తేడా వచ్చిన వెంటనే వెనక్కి తీసుకునే ఏర్పాటుంటే, ఆ నష్టాన్ని ఆపవచ్చు. మీ నాన్న విషయంలో మర్నాడు సాయంత్రం మగత కనిపించింది, లోపలికి తీసుకునేసరికి రాత్రయింది. నన్నడిగితే మీరు అడగాల్సిన ప్రశ్న 'హైదరాబాద్ ఎందుకు వెళ్ళలేదు' అన్నది కాదు. ఆ పగలంతా వార్డులో ఆయన ఊపిరి ఎవరు లెక్కపెట్టారు అన్నది. ఆ ప్రశ్న మిమ్మల్ని కాదు, ఆసుపత్రిని అడగాలి.

అడగండి కూడా. కేస్ షీట్ కాపీ కోసం రాతపూర్వకంగా దరఖాస్తు ఇస్తే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనల్లోనే ఉంది. కోర్టుకు వెళ్ళమని నేను చెప్పడం లేదు, వద్దనీ అనడం లేదు, అది మీ ఇష్టం. కానీ మూడు టైములు చూసుకోండి: మొదటి యాంటీబయోటిక్ ఎప్పుడు ఎక్కించారు, బీపీ మందు ఎప్పుడు మొదలుపెట్టారు, వార్డుకు మార్చాక బీపీ, ఊపిరి ఎన్నిసార్లు రాశారు. ఆ కాగితాల్లో మీ పేరు ఎక్కడా ఉండదు. ఆ సంగతి కళ్ళారా చూడడం మీకు అవసరమని నాకనిపిస్తోంది.

అమ్మ గురించి. ఆవిడకు అలా రావాలని లేదు, కానీ ఆస్తమా ఉన్న 62 ఏళ్ళ మనిషికి నిమ్ము వస్తే ఆలోచించుకునే టైము తక్కువ ఉంటుంది కాబట్టి, ముందే కొన్ని పనులు చేసిపెట్టుకోవాలి. ఏటా ఫ్లూ టీకా, నిమ్ము రాకుండా వేసే న్యుమోకోకల్ టీకా గురించి ఆవిడ డాక్టర్‌ను అడగండి. మీ టౌన్లో ఐసీయూ ఉన్న రెండు మూడు ఆసుపత్రులకు, గుంటూరులో ఒకటి రెండింటికి, తీరిక ఉన్న ఒక రోజు వెళ్ళి రండి. ఐసీయూ ఉందా అని అడగొద్దు, అందరూ ఉందనే అంటారు. రాత్రి రెండింటికి ఐసీయూ లోపల డాక్టర్ ఉంటారా, రాత్రి డ్యూటీలో ఒక్కో సిస్టర్‌కు ఎంతమంది పేషెంట్లు అని అడగండి. ఆరోగ్యశ్రీ, అదే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, ఐసీయూకు పనిచేస్తుందో లేదో అడగండి. ఫోన్ నంబర్లు రాసుకోండి. అయిదు బెడ్లే ఉన్నా రాత్రంతా డాక్టర్ కూర్చుని ఉండే చోటు, యాభై బెడ్లుండి ఫోన్ చేస్తే వచ్చే డాక్టర్ ఉన్న చోటు కన్నా మేలు. ఇది నా సొంత అభిప్రాయం, ఇన్నేళ్ళ పనిలో మారనిది.

రేపు మళ్ళీ బెడ్ లేదంటే? ఇది ముఖ్యం, నెమ్మదిగా చదవండి. ఐసీయూ బెడ్ లేకపోయినా ఐసీయూ వైద్యం మొదలుపెట్టొచ్చు. బీపీ పడిపోయిన ఇన్ఫెక్షన్ కేసుకు మొదటి గంటలోనే యాంటీబయోటిక్ ఎక్కాలి. దానికి బెడ్ అక్కర్లేదు. బీపీ మందు చేతి నరం నుంచే మొదలుపెట్టొచ్చు, మెడలో పెద్ద లైను వేసేదాకా ఆగనక్కర్లేదు. యూరిన్ గొట్టం వేసి గంటకెంత వస్తోందో కొలవొచ్చు. అరవై కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లు రాకపోతే చెప్పాల్సిన సంగతే. కాబట్టి 'బెడ్ ఎప్పుడిస్తారు' అని పదిసార్లు అడిగేకన్నా, డ్యూటీ డాక్టర్ దగ్గరికి వెళ్ళి మర్యాదగా, 'సార్, బెడ్ వచ్చేలోపు ఇక్కడే ఏమేం మొదలుపెట్టారు? యాంటీబయోటిక్ ఎక్కిందా? ఐసీయూ డాక్టర్‌ను ఒకసారి కిందికి వచ్చి చూడమని పిలుస్తారా?' అని అడగండి. అరిచేవాళ్ళకు డాక్టర్ దూరంగా తిరుగుతాడు, సరైన ప్రశ్న అడిగేవాళ్ళ దగ్గర ఆగుతాడు. నేనూ అలాగే చేశాను, ఒప్పుకుంటున్నాను.

వేరే చోటికి మార్చాల్సిందే అయితే, ఎక్కడ బెడ్ ఉందో కనుక్కునే పని మీ ఒక్కరి నెత్తిన వెయ్యనివ్వొద్దు. ఈ విషయంలో పశ్చిమ బెంగాల్ కేసు ఒకటి ఉంది. 1992లో రైల్లోంచి పడి తలకు దెబ్బ తగిలిన హకీమ్ షేక్ అనే వ్యవసాయ కూలీని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి బెడ్ లేదని, సౌకర్యం లేదని తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో చేరాడు. 1996లో సుప్రీంకోర్టు ఇది జీవించే హక్కుకు భంగమేనని చెప్పి అతనికి 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. డబ్బు లేదన్న సాకుతో ప్రభుత్వం తప్పించుకోలేదని చెప్పింది. ఎక్కడ బెడ్ ఖాళీగా ఉందో తెలుసుకుని పేషెంట్‌ను వెంటనే అక్కడికి పంపేలా ఒక కేంద్రీకృత సమాచార ఏర్పాటు ఉండాలని కూడా చెప్పింది. ముప్పై ఏళ్ళు కావస్తోంది. ఇప్పటికీ మన దగ్గర అర్ధరాత్రి ఆ పని చేస్తున్నది కూతుళ్ళూ కొడుకులూ, చేతిలో ఫోన్ పట్టుకుని. పంపే డాక్టర్ తీసుకునే డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడి, బెడ్ ఖాయమని అక్కడి డాక్టర్ పేరు కాగితం మీద రాసిచ్చేదాకా బయల్దేరొద్దు. ఎక్కేముందు సిలిండర్ మీటరు చూడండి, పైన చెప్పిన లెక్క వేసుకోండి.

ఐసీయూ నుంచి వార్డుకు వచ్చిన మొదటి రెండు రోజులు మీరో, ఇంకెవరో పక్కనే ఉండండి. రాత్రి పూట మారుస్తామంటే పొద్దున దాకా ఆగడానికి వీలవుతుందా అని అడగండి. కుదరదంటే గొడవపడొద్దు, అవతల ఇంకొకరి ప్రాణం ఉంటుంది. బదులుగా, ఐసీయూలో ఏం జరిగిందో రాసిన కాగితం, ఏం కనిపిస్తే ఎవరికి చెప్పాలో ఒక ఫోన్ నంబర్ అడిగి తీసుకోండి. వార్డులో ఒక్క పని చెయ్యండి. గంటకోసారి పూర్తిగా ఒక నిమిషం పాటు పొట్ట పైకి లేవడం చూస్తూ ఊపిరి లెక్కపెట్టండి. 25 లేదా అంతకు మించితే, మనిషి కొత్తగా మగతగా ఉన్నా, మాట తడబడినా, సిస్టర్‌కు చెప్పండి. పావుగంటలో ఎవరూ రాకపోతే డ్యూటీ డాక్టర్ దగ్గరికి మీరే వెళ్ళండి. ఆక్సిజన్ అంకె పడిపోకముందే ఊపిరి వేగం పెరుగుతుంది, చాలాసార్లు అందరికన్నా ముందు చెప్పేది అదే.

ఇంకో విషయం, రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. బాగున్నప్పుడే అమ్మతో కూర్చుని, తనకేం కావాలో అడగండి. కోలుకునే ఆశ లేదని డాక్టర్లు చెప్పినా మిషన్ల మీదే ఉంచాలా, వద్దా అని. 2018లో సుప్రీంకోర్టు అలాంటి కోరికను ముందే రాసిపెట్టుకునే హక్కు ఇచ్చింది. 2023లో దాన్ని సులభం చేసింది, ఇద్దరు సాక్షులతో, నోటరీ ముందో గెజిటెడ్ అధికారి ముందో సంతకం చేస్తే సరిపోతుంది. ఆశ ఉన్నవాళ్ళకు బెడ్ దొరకని రాత్రుల్లో, ఆశ లేదని అందరికీ తెలిసీ ఎవరూ నోరు తెరిచి చెప్పలేక వారాల తరబడి మిషన్ల మీద ఉంచిన పెద్దవాళ్ళను నేను చాలామందిని చూశాను. ఆ నిర్ణయం అమ్మ తీసుకుంటే మీ అన్నాచెల్లెళ్ళ మీద పడదు.

మీ అన్నయ్య మాట గురించి. ఆయన దగ్గర లేడు, చేతులు కట్టేసినట్టుంది, ఆ బాధ మీ మీదికి మాట రూపంలో వచ్చింది. దూరాన ఉన్న కొడుకులు నాతో ఫోన్లో ఇలాంటి మాటలే అనేవాళ్ళు, తర్వాత ఏడ్చేవాళ్ళు. ఆయనకు ఈ సమాధానం పంపండి. అమ్మ విషయంలో ఆయన చెయ్యగలిగిన పని ఒకటి ఉంది. గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ ఆసుపత్రులకు ఫోన్లు చేసి బెడ్ కనుక్కునే పని డాలస్ నుంచి కూడా చెయ్యొచ్చు. మనకు అర్ధరాత్రి అయితే ఆయనకు పగలు. నంబర్ల కాగితం కాపీ ఒకటి ఆయన దగ్గర కూడా పెట్టండి.

ఈ రాత్రి అమ్మ నిద్రపోయాక, గడియారం పట్టుకుని పక్కన కూర్చుని ఒక నిమిషం ఆవిడ ఊపిరి లెక్కపెట్టండి. ఆ అంకె, వాడే ఇన్‌హేలర్ పేరు, మామూలుగా ఉండే ఆక్సిజన్ శాతం ఒక అట్ట మీద రాసి ఆవిడ పర్సులో పెట్టండి. క్యాజువాలిటీలో ఏ డాక్టరైనా మొదట అడిగేది, 'మామూలుగా ఎలా ఉంటారు?' అనే.